సూపర్‌హీరో సినిమాల్లో దేవుని వాక్యం వెతకొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు సినిమాల మీదే. వేసవి సెలవులు, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, చేతిలో ఫోన్ ఉంది, కాబట్టి ఆశ్చర్యం లేదు. సండే స్కూల్లో పాఠం మొదలుపెట్టకముందే పిల్లలు నా చుట్టూ చేరి ఐరన్ మ్యాన్ గొప్పా, హల్క్ గొప్పా అని వాదించుకుంటుంటారు. వాళ్ల మాటలు వినడం నాకిష్టం. అందుకే ఈ ప్రశ్నల్ని ఒకచోట చేర్చి, కాస్త తీరిగ్గా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా బాబుకు తొమ్మిదేళ్లు. స్పైడర్‌మ్యాన్ బొమ్మ లేని చొక్కా తొడుక్కోడు. మొన్న తువ్వాలు మెడకు కట్టుకుని మిద్దె మీద పిట్టగోడ ఎక్కాడు, మా అత్తమ్మ చూసి కేకేసింది కాబట్టి సరిపోయింది. మా సంఘంలో ఒక పెద్దాయన ఇవన్నీ లోకసంబంధమైనవి, టీవీ తీసేయండి అంటారు. సండే స్కూల్ టీచరమ్మేమో సూపర్‌మ్యాన్ యేసయ్య లాంటివాడే అని పిల్లలకు చెప్పిందట. నేనెవరి మాట వినాలి? – ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ పిట్టగోడ సంగతి చూడండి. ఈ సాయంత్రమే బాబును పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఎగరడమంతా తాళ్లు కట్టి తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఆ తాళ్లు చెరిపేసి చూపించేదని చెప్పండి. యూట్యూబ్‌లో మేకింగ్ వీడియోలు ఉంటాయి, ఒకటి మీరే చూపించండి. పిల్లలకు ఎలా తీశారో తెలిస్తే సరదా తగ్గదు, భ్రమ తగ్గుతుంది. మన తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు వీధిలో వేషాలు చూస్తూ పెరిగే పిల్లలకు వేషం లోపల పక్కింటి మామయ్య ఉంటాడని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా, సినిమా కూడా అలాంటి వేషమేనని ఒక్కసారి చెబితే చాలు.

అదే పూట మత్తయి సువార్త 4వ అధ్యాయం చదివి వినిపించండి. సాతాను యేసయ్యను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు వచ్చి నిన్ను చేతుల మీద ఎత్తి పట్టుకుంటారు అన్నాడు. ఏ సూపర్‌హీరో సినిమా వాళ్లయినా ట్రైలర్‌లో వేసుకునే షాట్ అది. యేసయ్య దూకలేదు. అంతకుముందు నలభై రోజులు ఉపవాసం ఉండి ఆకలితో ఉన్నప్పుడు కూడా రాళ్లను రొట్టెలు చేసుకోలేదు. అదే యేసయ్య తర్వాత ఎవరో ఆకలితో ఉంటే అయిదు రొట్టెలు అయిదువేల మందికి పంచాడు. తన కోసం వాడుకోని శక్తి ఎదుటివాడి కోసం ధారాళంగా వాడాడు. మీ బాబుకు నేర్పాల్సింది ఇదే. ఈ పేజీలో మిగతా వాళ్లకు చెప్పబోయేదీ దాదాపు ఇదే.

ఇక ఎవరి మాట వినాలన్నారు. ఆ పెద్దాయన ప్రేమతోనే చెప్పుంటారు, ఆయన్ను తీసిపారేయకండి, అలాగని టీవీ గోడ మీంచి పీకక్కర్లేదు. పీకితే బాబు పక్కింట్లో చూస్తాడు, అప్పుడు పక్కన మీరుండరు. సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలోనే 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని విడదీసి ఇస్తున్నారు, ఈ హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాలు చాలావరకు తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒంటరిగా చూడదగ్గవి కావు. టీచరమ్మ మాట మాత్రం నాకు ఇబ్బందిగా ఉంది. ఆమె మంచి మనసుతోనే అన్నది, కానీ సూపర్‌మ్యాన్ యేసయ్యలాంటివాడు అని మొదలుపెడితే పిల్లవాడి బుర్రలో యేసయ్య సూపర్‌మ్యాన్‌లాంటివాడు అని స్థిరపడిపోతుంది, రేపు ప్రార్థన చేసినా జ్వరం తగ్గకపోతే వాడు ఎవరి మీద అలుగుతాడో ఆలోచించండి.

ప్రశ్న: అన్నా, నేను ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. మా సంఘం యూత్ మీటింగ్‌లో సూపర్‌హీరో సినిమాల క్లిప్పులతో మెసేజ్ చేద్దామని మా ఫ్రెండ్స్ అంటున్నారు. హీరో రెండు చేతులు చాపే సీన్లు, చనిపోయి మళ్లీ లేచే సీన్లు అన్నీ లిస్టు రాసుకున్నాం. ఇవన్నీ క్రీస్తు గుర్తులే కదా. ఇది సరైన దారేనా? – తిరుపతి నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మీ ఉత్సాహం బాగుంది, మీటింగ్ తప్పకుండా పెట్టుకోండి. ఆ లిస్టు మాత్రం పక్కన పెట్టండి.

చేతులు చాపిన ప్రతివాడిలో సిలువ వెతకడం చాలా తేలిక, సినిమా తీసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. 2013లో వచ్చిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చూడండి. అందులో సూపర్‌మ్యాన్ వయసు 33. అతను చర్చిలో ఫాదర్‌తో మాట్లాడుతుంటే వెనక అద్దాల కిటికీలో సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న యేసు బొమ్మ కనిపిస్తుంది. తర్వాత అంతరిక్ష నౌక నుంచి రెండు చేతులు చాపి బయటికి వస్తాడు. ఆ సినిమా విడుదలప్పుడు అమెరికాలో పాస్టర్లను పిలిచి ముందస్తు షోలు వేశారు, ఆదివారం ప్రసంగానికి పనికొచ్చే నోట్సు కూడా తయారుచేసి పెట్టారు. అంటే మీ లిస్టు మీకంటే ముందే సినిమావాళ్లు రాసిపెట్టారు, టిక్కెట్లు అమ్ముడుపోవడానికి. ఇన్ని గుర్తులు పెట్టిన ఆ సినిమాలో చివరికి సూపర్‌మ్యాన్ శత్రువు మెడ విరిచి చంపుతాడు. ఒక కుటుంబాన్ని కాపాడటానికే చంపాడు, చంపాక గుండె పగిలేలా అరుస్తాడు, అది నిజమే. అయినా గెత్సేమనే బొమ్మ ముందు కూర్చున్నవాడి కథ అక్కడికి చేరిందంటే ఆ బొమ్మ కథలో లేదు, గోడ మీద మాత్రమే ఉంది.

ఇంకో మాట. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు కుటుంబాల పిల్లలు. 1938లో ఆ బొమ్మల కథ మొదటిసారి అచ్చయింది. నాశనమైపోతున్న చోటు నుంచి పసిబిడ్డను ఒక చిన్న నౌకలో పెట్టి పంపడం, పరాయివాళ్లు పెంచుకోవడం చూస్తే నాకు ముందు నిర్గమకాండంలో జమ్ము పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున ఉంచిన మోషే గుర్తొస్తాడు. మీటింగ్‌లో ఈ సంగతి చెప్పండి, మనవాళ్లకు తెలియదు.

మరి ఏ సీన్లు వేయాలి? హీరో కొట్టగలిగి కూడా కొట్టని సీన్లు వెతకండి. యేసయ్యను పట్టుకోవడానికి వచ్చిన రాత్రి, అడిగితే తండ్రి పన్నెండు సేనా వ్యూహాల కంటే ఎక్కువ మంది దూతలను పంపడా అని ఆయనే అన్నాడు. అడగలేదు. పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుడి చెవి నరికితే, తనను బంధించడానికి వచ్చిన ఆ మనిషి చెవిని ముట్టి బాగుచేశాడు. సిలువకు ముందు ఆయన శక్తి ఆఖరుసారి వాడింది శత్రువు చెవి కోసం! ఇది మనసులో పెట్టుకుని సినిమాలు చూడండి, మీ లిస్టు మొత్తం మారిపోతుంది.

‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’లో టిచాలా ఉన్నాడు, బ్లాక్ పాంథర్. బాంబు పేలుడులో తండ్రి చనిపోతే, చంపినవాడిని తన చేత్తో చంపాలని సినిమా అంతా తరుముతూ ఉంటాడు, అదీ తప్పు మనిషిని. చివరికి అసలు దోషి జీమో దొరుకుతాడు, మంచులో ఒక్కడే కూర్చుని ఉంటాడు. జీమో కూడా తన కుటుంబాన్ని పోగొట్టుకుని పగ పట్టినవాడే. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం, చేతికి పులిగోళ్లు ఉన్నాయి, అడ్డుకునేవాడు లేడు. టిచాలా ఆ గోళ్లను లోపలికి తీసేసుకుంటాడు. పగ నిన్ను తినేసింది, నన్ను తిననివ్వను అన్న అర్థంలో మాట్లాడతాడు. ఆ వెంటనే జీమో తన ప్రాణం తీసుకోబోతే అడ్డుపడి ఆపి చట్టానికి అప్పగిస్తాడు. పగతీర్చుట నా పని అని ప్రభువు చెప్పిన మాట రోమా పత్రిక 12లో ఉంది, ఆ అధ్యాయం చివరి వచనాలు ఈ సీన్ అవగానే చదివించండి. ముగించాక లైట్లు వేసి, మన ఊర్లో పొలం గట్టు తగాదాల్లో, అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో గోళ్లు బయటపెట్టి తిరుగుతున్నవాళ్లం ఎంతమందిమో ఎవరికి వాళ్లే ఆలోచించుకోమని చెప్పండి.

‘స్పైడర్ మ్యాన్ 2’లో రైలు సీన్ మీ లిస్టులో ఉండే ఉంటుంది, అది ఉంచండి, కాకపోతే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ వేయండి. పట్టాలు అయిపోతున్నాయి, బ్రేకు లేదు, అతను రైలు ముందు నిలబడి రెండు పక్కల భవనాలకు దారాలు వేసి, ఒళ్లు చీలిపోయేలా లాగి ఆపుతాడు. అందరూ అక్కడ చేతులు చాపాడు కాబట్టి సిలువ అంటారు. నన్నడిగితే అసలు సంగతి రైలు ఆగాక ఉంది. అతను స్పృహ తప్పి ముందుకు పడిపోబోతాడు, లోపలున్న ప్రయాణికులు చేతులు చాచి పట్టుకుంటారు. ముసుగు లేదు. ఎవరూ తోసుకోరు, ఎవరూ అరవరు, తలల మీదుగా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మెల్లగా అందిస్తూ తీసుకెళ్లి పడుకోబెడతారు. మా అబ్బాయి కంటే పెద్దవాడు కాడు అంటాడొకాయన. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి ఇచ్చి, ఎవరికీ చెప్పం అంటారు. ఆ తర్వాత విలన్ వస్తే ఏ శక్తీ లేని ఆ మామూలు మనుషులే అడ్డం నిలబడతారు. ఒకరి భారాలను ఒకరు మోయండి అని గలతీయులకు రాసిన మాటకు ఇంతకంటే మంచి బొమ్మ నేను ఏ సినిమాలోనూ చూడలేదు. మన సంఘాల్లో పాస్టర్ గారు అలసిపోతే పట్టుకునే చేతులు ఎన్ని ఉన్నాయో ఆ మీటింగ్‌లో మాట్లాడుకోండి.

‘ది డార్క్ నైట్’ వేస్తే మాత్రం జాగ్రత్తగా వేయండి. బ్యాట్‌మ్యాన్ ఇంకొకరి హత్యలు తన మీద వేసుకుంటాడు, వినగానే మన దోషం ఆయన మోశాడు అనే వాక్యం గుర్తొస్తుంది. కానీ ఆ మోయడం ఒక అబద్ధం మీద నిలబడింది, చెడిపోయినవాడిని మంచివాడని ఊరందర్నీ నమ్మించడానికి చేసిన పని అది. సిలువ దగ్గర పాపాన్ని దాచలేదు, బయటపెట్టి మోశారు. ఈ తేడా మీ పిల్లల్లో ఎవరైనా వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే ఆ రోజు మీటింగ్ ఫలించినట్టే.

చివరగా ‘మిన్నల్ మురళి’, 2021లో వచ్చిన మలయాళం సినిమా, తెలుగులోనూ దొరుకుతుంది. ఒకే రాత్రి ఇద్దరి మీద పిడుగు పడుతుంది, ఇద్దరికీ ఒకే శక్తి వస్తుంది, ఒకరు హీరో అవుతారు, ఇంకొకరు విలన్. ఎందుకు? జైసన్‌కు అరిచినా కొట్టినా ఒక ఇల్లు ఉంది. షిబును ఊరు పిచ్చివాడని దూరం పెట్టింది. అతనికి కావాల్సింది ఒక్క మనిషి ప్రేమ, ఊరు అది కూడా దక్కనివ్వలేదు. అతను చేసిన హత్యలకు ఇది సాకు కాదు, నేను ఆ మాట అననే అనను. అయినా సినిమా అయ్యాక నాకు హీరో కంటే షిబు గురించే చాలాసేపు బాధేసింది. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగేవాడిని ఊరివాళ్లు గొలుసులతో కట్టేస్తే, యేసయ్య దోనె ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి వాడిని కలిశాడు. మీ హాస్టల్లో ఎవరితోనూ కలవకుండా మూలన ఉండే అబ్బాయి ఒకడుంటాడు తమ్ముడూ. మీటింగ్‌కు వాడిని పిలిచారా?

ప్రశ్న: థోర్ లాంటి సినిమాల్లో దేవుళ్లు, మంత్రాలు ఉంటాయి. క్రైస్తవ పిల్లలు చూస్తే పాపమా? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: థోర్ ఉత్తర ఐరోపా పాత కథల్లోని దేవుడు, సినిమావాళ్లు అతన్ని వేరే లోకం నుంచి వచ్చిన వీరుడిలా చూపించారు. కథ కథేనని తెలిసిన వయసు వచ్చినవాళ్లకు నేను పాపమనను. మీ పిల్లవాడు ఆ మంత్రాల్ని నిజంగా నేర్చుకోవాలని తిరుగుతున్నా, రాత్రుళ్లు భయపడి లేస్తున్నా ఆపేయండి, ఆ మాటకొస్తే ఏ సినిమా అయినా ఆపేయండి. తల్లిదండ్రుల కంటే బాగా పిల్లల్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు, ఇది మీరే తేల్చుకోవాలి.

ప్రశ్న: అంకుల్, బైబిల్లో సమ్సోను సూపర్‌హీరోనే కదా? ఆయనకు జుట్టులో పవర్ ఉంది. – ఆరో తరగతి చదివే ఒక పాప, పలమనేరు

జవాబు: పాపా, నీ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో! సమ్సోను సింహాన్ని ఉత్త చేతులతో చీల్చాడు, గాజా ఊరి తలుపుల్ని ద్వారబంధాలతో సహా పీకి భుజాన వేసుకుని కొండ మీదికి మోసుకెళ్లాడు. సినిమావాళ్లకు కూడా అంత తోచదు. పవర్ జుట్టులో లేదు, దేవుడిచ్చాడు, జుట్టు ఆ మాటకు గుర్తు.

ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. న్యాయాధిపతుల గ్రంథం 14 నుంచి 16 వరకు అమ్మ పక్కన కూర్చుని చదువు. పెన్సిల్ పట్టుకుని, సమ్సోను బలం చూపించిన ప్రతిచోటా అది ఎవరి కోసం చూపించాడో పక్కన రాయి. పందెంలో ఓడిపోయి ముప్పై జతల బట్టలు ఇవ్వాల్సి వస్తే ఏం చేశాడో చూడు. నక్కల తోకలకు దివిటీలు కట్టి పొలాలు ఎందుకు తగలబెట్టాడో చూడు. చాలాచోట్ల తన కోపం కోసమే అని తేలుతుంది నీకు. అంత బలవంతుడు కోపాన్ని మాత్రం ఆపుకోలేకపోయాడు. అయినా దేవుడు ఆయన్ను వదిలెయ్యలేదు, కళ్లు పోయి జైల్లో తిరగలి విసిరాక కూడా ఆయన ప్రార్థన విన్నాడు. జుట్టు మళ్లీ మొలవసాగిందని ఒక చిన్న వాక్యం ఉంటుంది, అది ఎక్కడుందో కనిపెట్టి నాకు రాయి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. బైబిల్లో ఇన్ని కథలుండగా పిల్లలకు నీతి చెప్పడానికి ఈ ముసుగు మనుషులు దేనికి? ఇది వాక్యాన్ని పలచన చేయడం కాదా? – పుత్తూరు నుంచి

జవాబు: మాస్టారూ, మీ బాధ అర్థమవుతోంది, నేను కూడా పిల్లలతో సినిమా కబుర్లు చెప్పి వాక్యం తెరవకుండా పంపించే క్లాసులు చూశాను, అది ముమ్మాటికీ పలచన చేయడమే. కానీ పౌలు ఏథెన్సు వెళ్లినప్పుడు అక్కడివాళ్లకు మోషే ధర్మశాస్త్రంతో మొదలుపెట్టలేదు. వాళ్ల కవులు రాసిన మాటే ఎత్తి, మీ కవీశ్వరులే ఇలా అన్నారు కదా అని అక్కడి నుంచి పునరుత్థానం దాకా తీసుకెళ్లాడు, అపొస్తలుల కార్యాలు 17లో ఉంది. పౌలు ఆ కవుల్ని చదివాడు కాబట్టే చెప్పగలిగాడు. మన పిల్లలు రోజూ చూసేదాన్ని మనం ఒక్కసారైనా చూడకుండా తిడితే, వాళ్లు మన మాట వింటున్నట్టు తల ఊపి వెళ్లిపోతారు. మీలాంటి అనుభవం ఉన్న మాస్టర్లు పక్కన కూర్చుని ఒక సినిమా చూసి, అది అయ్యాక ‘ఆ హీరో ఏం వదులుకున్నాడు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మిగతాది పిల్లలే మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మాయి ‘అన్ని సినిమాల్లో మగవాళ్లే హీరోలు, బైబిల్లో కూడా దావీదు, సమ్సోనే కదా, ఆడపిల్లలు ఎవరూ లేరా’ అని అడిగింది. ఏం చెప్పాలి? – ఒక తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: దెబోరా, ఎస్తేరు పేర్లు మీకు వెంటనే తోచే ఉంటాయి, వాళ్లను చెప్పండి. నేనైతే నిర్గమకాండం మొదటి అధ్యాయంలోని షిఫ్రా, పూయాలతో మొదలుపెడతాను. ఇద్దరు మంత్రసానులు. మగబిడ్డ పుడితే చంపెయ్యండి అని ఫరో ఆజ్ఞ ఇచ్చాడు, వాళ్లు దేవునికి భయపడి చంపలేదు. రాజు ముందు నిలబడి జవాబు కూడా చెప్పారు. ఆ రాజు పేరేమిటో బైబిలు చెప్పలేదు, ఈ ఇద్దరి పేర్లూ రాసిపెట్టింది.

తర్వాత మన వైపు సంగతి ఒకటి చెప్పండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగులకు ఆసుపత్రి కట్టాయి. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంటే అంతకుముందు అక్కడ పనిచేసిన నర్సమ్మల దగ్గర ఆ రోగానికి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అయినవాళ్లే దగ్గరికి రావడానికి భయపడే దగ్గు అది. ఆ మనిషి పక్కన నిలబడి, నెత్తురు పడ్డ గిన్నె తీసి కడిగి, మళ్లీ అదే మంచం దగ్గరికి వచ్చారు, తమకు అంటుకోవచ్చని తెలిసీ. ఈ సెలవుల్లో మదనపల్లె వైపు వెళ్తే అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లండి, ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. అక్కడ చూసింది తనకు ఎలా అనిపించిందో తన చేతే ఈ పేజీకి రాయించండి.